పిల్లి గీరిన చేతికి గని చిట్టీ

నేను బొగ్గు గనిలో సర్వేయరుగా పనిచేశాను. నేల కింద పాత తవ్వకాలు ఎక్కడ ఆగిపోయాయో, వాటిలో నీరు ఎక్కడిదాకా నిలిచి ఉందో, కొత్త తవ్వకానికీ ఆ నీటికీ మధ్య ఎన్ని అడుగుల బొగ్గు గోడ మిగిలిందో కొలిచి పటం మీద పెట్టడం నా వృత్తి. పటం తప్పయితే మనుషులు మునుగుతారు. అందువల్ల ముందటి సర్వేయరు రాసిన అంకెను నమ్మకూడదని, నిన్న నేనే రాసిన అంకెను కూడా ఇవాళ మళ్లీ కొలవాలని నేర్చుకున్నాను. ఈ అలవాటు గనిలో నాకు ఎంత మేలు చేసిందో, పంతొమ్మిది వందల డెబ్బైల మొదట్లో నాకు వచ్చిన జబ్బులో అంత కీడు చేసింది. ఇంట్లో పిల్లిని పెంచుకునేవారికి ఇది కొంత పనికిరావచ్చు. డాక్టరు ముందు కూర్చుని సగం నిజం చెప్పేవారికి ఇంకా ఎక్కువ పనికిరావచ్చు.

జులై

అప్పుడు మేము గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్లం. నేను, నా భార్య సుగుణ, మూడేళ్ల కూతురు విమల. పక్క క్వార్టరులో చాంద్‌బీ కుటుంబం ఉండేది. గనిలోకి దిగేవారికి తలదీపాలు ఇచ్చి తీసుకునే గదిలో ఆమె భర్త ఉద్యోగం. వానలు మొదలయ్యే వేళకు వాళ్ల బొగ్గు కొట్టంలో ఒక పిల్లి నాలుగు పిల్లలను పెట్టింది. వాటిలో బూడిద రంగుది మా ఇంటిని తనదిగా చేసుకుంది. చాంద్‌బీ మధ్యాహ్నాలు గడప మీద కూర్చుని, వాటిని ఒక్కొక్కటిగా ఒడిలోకి తీసుకుని, బొచ్చు విడదీసి, గెంతే నల్లని పురుగులను గోళ్లతో పట్టి సబ్బునీళ్ల గిన్నెలో వేస్తూ ఉండేది.

"పిస్సులు సాబ్, పిస్సులు! ఒకటి సంపితె పది పుడుతున్నయ్. చెవుల కాడ పిడుదులు గూడ ఉన్నయ్. మీ బేటీని జర దూరం పెట్టుండ్రి," అని ఒకసారి నాతో అంది.

నేను నవ్వేశాను. పిల్లికి పురుగులుండటం గొర్రెకు ఉన్ని ఉండటం లాంటిదే అనుకున్నాను.

ఒక ఉదయం మొదటి షిఫ్టుకు బయలుదేరుతూ చూస్తే, ఆ బూడిద పిల్ల నా కొలతల పుస్తకం మీద ముడుచుకుని పడుకుంది. మెడ పట్టుకుని ఎత్తాను. అది తిరగబడింది. ఎడమ చేతి వెనుక భాగాన, బొటనవేలి మొదట్లో, మూడు గీతలు పడ్డాయి. మధ్యది కొంచెం లోతుగా తెగింది. చేయి దులుపుకుని వెళ్లిపోయాను. కడుక్కోలేదు.

గని దగ్గర మొదట ఆ గీతలను చూసినవాడు మల్లయ్య. ఆయన నా చైన్‌మన్, అంటే కొలత గొలుసు రెండో కొన పట్టుకునే మనిషి. మంథని వైపు పల్లెవాడు, నాకంటే పదేళ్లు పెద్ద. ఆరేళ్లుగా నాతోనే దిగుతున్నాడు.

"ఏంది సారూ, పిల్లి గీరిందా?"

"పుస్తకం మీద పండుకున్నది. లేపితె కోపమొచ్చింది."

"పుస్తకం మీద పండుకుంటె మీకే కోపమత్తది గద. మీ ఇద్దరిది ఒక్కటే తీరు," అని నవ్వాడు.

ఇక్కడ గని అలవాటు ఒకటి చెప్పాలి. పనిలో ఎంత చిన్న గాయమైనా ఆ షిఫ్టు ముగిసేలోపు పైన ఫస్టెయిడ్ గదిలో చిట్టీ రాయించుకోవాలి. ఆ రోజు చిట్టీ లేని గాయం మరునాడు చీము పట్టి చేయి తీసేసినా అది గని గాయం కాదు; జీతంతో సెలవూ ఉండదు, పరిహారమూ ఉండదు. ఈ నియమం వల్ల చాలామంది చితికిపోయారు. అందుకని కార్మికులు దానికి విరుగుడు కనిపెట్టారు. ఎక్కడ తగిలినా ముందు చిట్టీ, తరువాతే మందు. సైకిలు మీద నుంచి పడ్డవాడికీ టింబరే తగిలేది. గని కప్పుకు ఆసరాగా నిలబెట్టే దుంగలను మేము టింబరు అంటాం. మా గనిలో ఆ దుంగలు చేయని నేరాలను ఎన్ని మోశాయో చెప్పలేను.

షిఫ్టు దిగేసరికి చేయి కొంచెం ఉబ్బింది. మందు పూయించుకుందామని ఫస్టెయిడ్ గదికి వెళితే, బల్ల మీద ఐదారుగురు కూర్చుని ఉన్నారు. ఒకడు నా చేయి చూసి, "సారును ఎవలో గట్టిగనే గీరిండ్రు. ఇంట్ల అక్క గాదు గద?" అన్నాడు. అందరూ నవ్వారు.

మందు పూసే మనిషి కలం తీసి, "ఏం తాకింది సారూ?" అని అడిగాడు.

పిల్లి అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అంతలో మల్లయ్య అందుకున్నాడు. "టింబర్ గీరింది. నేను సూసిన. రాసుకో."

నేను కాదనలేదు. కింద సంతకం చేశాను. సాక్షి అన్నచోట మల్లయ్య రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలతో, ఒక్కొక్కటి ఒత్తి, తన పేరు రాశాడు.

ఆగస్టు

గీతలు మానాయి. మధ్యదాని మీద మాత్రం ఒక ఎర్రని పొక్కు మిగిలింది. గీరిన మూడో వారంలో చొక్కా వేసుకుంటుంటే ఎడమ చంకలో చింతగింజంత గట్టిది చేతికి తగిలింది. నాలుగు రోజుల్లో అది రేగుపండంత, మరో వారానికి నిమ్మకాయంత అయింది. చేయి దించితే నొప్పి, ఎత్తితే నొప్పి. సాయంత్రాలు జ్వరం వచ్చేది. రోజుకు మూడుసార్లు కొలిచి గళ్ల కాగితం మీద గుర్తులు పెట్టి కలిపాను. ఆ గీత ప్రతి సాయంత్రం కొండలా లేచి తెల్లవారేసరికి దిగేది. అంత చక్కని పటం నేను గనికి కూడా గీయలేదు. అది నాకేమీ చెప్పలేదు.

దవాఖాన వరండాలో సిమెంటు బల్ల మీద రెండు గంటలు కూర్చోవలసి వచ్చేది. చేయి ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని కూర్చుంటే, పక్కనున్న ఒక ముసలమ్మ తన మూటను నా మోచేతి కిందికి జరిపింది.

"పెట్టుకో బిడ్డా. ఎంతసేపు మోస్తవు దాన్ని?"

మూటలో ఏముందోనని నేను ముందు చూశాను. తరువాతే చేయి పెట్టాను. ఆమె అది గమనించింది. అయినా మూటను వెనక్కి లాక్కోలేదు.

డాక్టరు గారు నెమ్మదైన మనిషి. కాగితాల మీదికి వంగి, పిన్నుతో గుచ్చిన చిట్టీని చదివి, "దుంగ గీరిందా? లోపల ఎక్కడ?" అని అడిగారు.

నేను సీము పేరు, అంటే ఏ బొగ్గు పొరో, గది సంఖ్య, ఆ దుంగ ఏ వైపు నిలబడి ఉందో కూడా చెప్పాను. అబద్ధానికి సైతం కొలతలు ఇచ్చాను.

ఇంటికి వచ్చాక సుగుణ మంచినీళ్లిస్తూ అడిగింది. "పిల్లి గీరిందని చెప్పిండ్లా?"

"దానికీ దీనికీ సంబంధం లేదు."

"మీకెట్ల ఎరుక?"

ఎలా తెలుసో ఆమెకు నిరూపించాలనుకున్నాను. ఆ సాయంత్రమే చాంద్‌బీ గడప దగ్గరికి వెళ్లి పిల్లిని, దాని పిల్లలను పరీక్షగా చూశాను. జ్వరం లేదు, నీరసం లేదు, ముక్కు కారడం లేదు. గోడలెక్కుతున్నాయి. చాంద్‌బీ ఏదైనా దాస్తోందేమోనని రెండు మూడు రకాలుగా అడిగాను. ఆమె చివరికి, "ఏంది సాబ్, పోలీసోళ్ల తీరు అడుగుతున్నరు? బిల్లీ దొంగతనం చేసిందా?" అంది. జబ్బు లేని జంతువు జబ్బునివ్వదు గనుక పిల్లి కారణం కాదు. తర్కం అంతటితో ముగిసింది. ఆ తర్కంలో పొరపాటు ఎక్కడుందో అప్పుడు నాకు కనిపించలేదు.

పిల్లి గీరిందని చెప్పకపోవడానికి అసలు కారణం మరొకటి ఉంది. చెబితే చిట్టీ అబద్ధమవుతుంది. నాకు మాట వస్తుంది. మల్లయ్యకు ఉద్యోగమే పోవచ్చు. ఇలా అనుకున్నప్పుడు నేను మల్లయ్య కోసమే ఆగుతున్నట్టు నాకు తృప్తిగా ఉండేది.

సెప్టెంబరు

గడ్డ తగ్గలేదు. డాక్టరు గారు రెండోసారి అడిగారు, గాయం ఎక్కడిదని. నేను రెండోసారి దుంగ అన్నాను. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నాయి. కానీ గడ్డలకు కూడా క్షయ వస్తుందని, అనుమానం దానిమీదే ఉందని, ముందు ఇంజెక్షన్లు మొదలుపెడదామని అన్నారు.

"క్షయే అని తేలితే?" అని అడిగాను.

"కిందికి దిగనియ్యరు. అన్‌ఫిట్ రాయాల్సి వస్తది."

గని దిగని గని సర్వేయరు ఏమవుతాడు? క్వార్టరు ఎన్నాళ్లుంటుంది? క్షయ ఉన్న ఇంటిలోని ఆడపిల్లను రేపు ఎవరు ఎలా చూస్తారు? ఆ నెల రోజులు నా ముందు ఉన్నవి ఈ మూడు ప్రశ్నలే. చావు గురించి నేను పెద్దగా ఆలోచించలేదు. ముద్ర గురించే ఆలోచించాను.

గని గాయం సెలవులో ఇంట్లో ఉన్నందున, అనుమానించడానికి నాకు అప్పుడు కావలసినంత తీరిక దొరికింది. తలదీపం బ్యాటరీలోని యాసిడ్‌ను అనుమానించాను. గనిలో ఊరే నీటిని అనుమానించాను. ఇంజెక్షన్ సూది సరిగా మరిగించారా అని కాంపౌండరును అనుమానించి, గిన్నెలో నీరు పొంగేదాకా పక్కనే నిలబడేవాణ్ణి. "సారూ, అన్నం ఉడికిందా అని చూస్తున్నరా?" అన్నాడాయన.

ఇంట్లో నా పళ్లెం, గ్లాసు వేరే చెక్క మీదికి మారాయి. విమల నా దగ్గరికి వస్తే సుగుణ ఏదో పని చెప్పి పిలిచేది. డాక్టరు గారే అలా చేయమన్నారని ఆమె చెప్పింది. నేను మరునాడు వెళ్లి ఆయనను అడిగి నిర్ధారించుకున్నాను. అడిగానని సుగుణకు తెలిసింది. రెండు రోజులు నా పళ్లెం గడప మీద పెట్టి వెళ్లిపోయేది.

ఆ వారమే ఆమె తమ్ముడు నర్సింగం పెద్దపల్లి నుంచి వచ్చాడు. సుగుణే జాబు రాసి పిలిపించిందని నాకు అనిపించింది. టీ తాగి, గ్లాసు వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"బావా, ఏమనుకోకు. అక్కను, పొల్లను రెండు నెల్లు తోల్కపోత. నువ్వు మంచిగయినంక మల్ల తోలిపోత."

నేను సుగుణ వైపు చూశాను. ఆమె ముఖంలో ముందే కుదుర్చుకున్న ఏర్పాటు కనిపించింది. అలా కనిపించిందని నేను అనుకున్నాను.

"ఎవలు రమ్మన్నరురా నిన్ను?" అంది ఆమె. "నాకు చెప్పకుంట నువ్వే అచ్చి నువ్వే తోల్కపోతవా? పో, బస్సుకు యాళ్లయితంది."

"అవ్వ పంపింది అక్కా..."

"అవ్వకు చెప్పు. సుగుణ గిన్నెలు రెండు తీర్ల కడుగుడు నేర్చిందని చెప్పు."

నర్సింగం వెళ్లాక ఆమె వంటింట్లో చాలాసేపు ఏడ్చింది. లోపలికి వెళ్లాలని ఉన్నా, ముట్టుకుంటే జబ్బు అంటుతుందేమోనని గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

ఆ నెలాఖరున ఒక ఉదయం దవాఖాన వరండాలోకి అడుగుపెట్టేసరికి, డాక్టరు గారి గది నుంచి మల్లయ్య బయటికి వస్తున్నాడు. చేతిలో మందు సీసా లేదు, కాగితం లేదు. నన్ను చూసి గతుక్కుమన్నాడు.

"ఏమైంది మల్లయ్యా?"

"ఏం లేదు సారూ. నడుం నొత్తంది," అని వడివడిగా వెళ్లిపోయాడు.

నడుం నొప్పి మనిషి అలా నడవడని నేను గమనించాను.

ఆ రోజే డాక్టరు గారు మూడోసారి అడిగారు, కొంచెం మార్చి. "ఇంట్లో జంతువులేమన్న ఉన్నయా? కుక్క, పిల్లి?"

"మా ఇంట్లో లేవు. పక్కింట్లో ఉన్నాయి." ప్రతి మాటా నిజమే. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, తరువాతి మనిషిని పిలిచారు.

నాకు విషయమంతా తేటతెల్లమయినట్టనిపించింది. మల్లయ్య నా మీద చెప్పాడు. తన సంతకం బయటపడకముందే తప్పంతా సర్వేయరుదేనని చెప్పుకుని తప్పించుకున్నాడు. డాక్టరు మేనేజరుకు చేరవేస్తాడు. రెండు రోజులు ఈ పటాన్ని అన్ని వైపుల నుంచి సరిచూసుకున్నాను. ఎక్కడా తేడా రాలేదు. మూడో రోజు మా పెద్ద సర్వేయరు దగ్గరికి వెళ్లి, నేను తిరిగి పనిలో చేరేనాటికి నాకు వేరే చైన్‌మన్ కావాలని అన్నాను. కారణం అడిగితే, "చూపు మందగించింది," అన్నాను. మల్లయ్యను కింద బొగ్గు నింపిన టబ్బులను పట్టాల మీద తోసే పనికి మార్చారు.

అక్టోబరు

గడ్డ మెత్తబడింది. డాక్టరు గారు సూదితో చీము తీసి రెండుసార్లు పరీక్షకు పంపారు. వెతుకుతున్న క్రిమి కనిపించలేదని, అయినా లేదని తేల్చలేనని, ఇక హైదరాబాదు వెళ్లి గడ్డ కోయించుకోవడమే మిగిలిందని, ఈలోగా అన్‌ఫిట్ కాగితం రాయక తప్పదని అన్నారు. రేపు వచ్చి సంతకం చేయమన్నారు.

మరునాడు ఉదయం నేను చొక్కా వేసుకుంటుంటే, విమల గడప మీద కూర్చుని బూడిద పిల్లిని ఒడిలో పెట్టుకుని ఉంది. మూడు నెలల్లో అది బాగా పెరిగింది. చాంద్‌బీ చేసినట్టే విమల దాని బొచ్చు విడదీసి పురుగులు వెతుకుతోంది. పాప మణికట్టు మీద సన్నని ఎర్రని గీత కనిపించింది, నిన్నటిదో మొన్నటిదో.

నా తర్కం అంతా ఆ గీత దగ్గర తెగిపోయింది. పిల్లి వల్ల రాదని రెండు నెలలుగా నిరూపించుకున్న నేను, ఆ క్షణాన పిల్లి వల్లే వస్తుందని భయపడ్డాను. రెంటికీ నా దగ్గర ఉన్న ఆధారం ఒక్కటే, గోడలెక్కే ఆ పిల్లి. విమల చేతిని కుళాయి కింద పెట్టి, సబ్బుతో, అది ఏడ్చేదాకా కడిగాను. తరువాత దవాఖానకు వెళ్లి, పిలవకముందే లోపలికి వెళ్లి, నిలబడే చెప్పాను.

"దుంగ కాదు. పిల్లి. జులైలో మా ఇంట్లో గీరింది. చిట్టీ అబద్ధం. ఇప్పుడు మా పాపను కూడా గీరింది. దానికీ ఇది వస్తుందా?"

ఆయన కాగితం మీద నుంచి కలం తీశారు. "కూర్చోండి," అన్నారు. నేను కూర్చున్నాను.

పిల్లి గీరిన తరువాత ఇలాంటి గడ్డ, ఇలాంటి జ్వరం రావడం వైద్య గ్రంథాలలో ఉందని చెప్పారు. క్రిమి ఏదో ఇంకా ఎవరూ పట్టుకోలేదట. చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో దానంతట అదే తగ్గుతుందట. గీరిన ప్రతివారికీ రాదని, పాపను మూడు నాలుగు వారాలు కనిపెట్టి చూస్తే చాలని అన్నారు. ఇంజెక్షన్లు ఆపేశారు. అన్‌ఫిట్ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టారు.

"మీకు ముందే అనుమానం వచ్చింది కదా? ఎవరు చెప్పారు?" అని అడిగాను. అప్పుడు కూడా నాకు ఆ జవాబే కావాలి.

"మీ చైన్‌మన్. రెండు వారాలాయె. 'దొంగ సంతకం పెట్టిన సాబ్, నా నౌకరీ పోతె పోనీ, మా సారు చెప్పడు, మీరు పిల్లి గీరినదానికి మందియ్యుండ్రి' అన్నడు. పేషెంటు తన నోటితో చెప్పకుండా నేను ఆ మాట రాస్తే ఆ చైన్‌మన్ మెడకే చుట్టుకుంటది. అందుకే కోయించకుండా సూదితో ఆపి, మీరు చెప్తరేమోనని చూసిన. మూడోసారి అడిగింది గందుకే."

నేను బయటికి వచ్చి సిమెంటు బల్ల మీద కూర్చున్నాను.

తరువాత

విమలకు ఏమీ కాలేదు. నా గడ్డ దీపావళి దాటాక కరిగిపోయింది.

చాలా ఏళ్లకు, నేను ఉద్యోగ విరమణ చేశాక, ఆ క్రిమిని పట్టుకున్నారని చదివాను. అది పిల్లి రక్తంలో నెలల తరబడి ఉంటుంది. చాలాసార్లు పిల్లికి ఏ జబ్బూ కనిపించదు. నా తర్కం కూలిపోయింది ఇక్కడే. ఒక పిల్లి రక్తం తాగిన పిస్సు మరో పిల్లికి దాన్ని చేరవేస్తుంది. పిస్సు విసర్జించిన మలం బొచ్చులో రాలి, గోకినప్పుడు గోళ్ల కిందికి చేరుతుంది. ఆ గోరు మన చర్మాన్ని చీల్చినప్పుడు క్రిమి లోపలికి దిగుతుంది. పిడుదుల మీద కూడా అనుమానం ఉందిగాని రుజువు అంత గట్టిది కాదని రాశారు. అనుమానానికీ రుజువుకీ మధ్య దూరం ఎంతో ఇప్పుడు నాకు తెలుసు గనుక ఆ మాటను అలాగే రాస్తున్నాను. పిల్లిని వెళ్లగొట్టనక్కరలేదు. పిస్సులను వదిలించండి, గీరితే వెంటనే సబ్బుతో కడగండి. గడ్డ కనిపిస్తే గీరిన సంగతి డాక్టరుకు మొదటి రోజే చెప్పండి.

డాక్టరు గారితో మాట్లాడిన మరునాడు నేను మల్లయ్యను కలిశాను. చిట్టీ సరిచేయించడానికి మేనేజరు దగ్గరికి వెళుతున్నానని, నీ పేరు రాకుండా చూస్తానని అన్నాను.

"సంతకం నాది గూడ ఉన్నది గద. నా పేరు రాకుంట ఎట్లుంటది? నడువుండ్రి," అని బొగ్గు చేతులతోనే నా వెంట వచ్చాడు. ఇద్దరికీ రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు. నా సెలవును మామూలు జబ్బు సెలవుగా మార్చారు. అంతకంటే ఏమీ జరగలేదు. మూడు నెలలు నేను భయపడినదంతా పది నిమిషాల్లో అయిపోయింది.

బయట మట్టిరోడ్డు మీద, నిన్ను నా దగ్గర నుంచి మార్పించింది నేనేనని చెప్పాను.

"ఎరుకే సారూ. చూపు మందగించిందన్నరట. పెద్ద సారు నన్ను దూరంగ నిలవెట్టి తన చేతి ఏళ్లు లెక్కవెట్టుమన్నడు. మంచిగనే లెక్కవెట్టిన. అయినా పంపిండు."

"మళ్లీ నా దగ్గరికి రా. ఇవాళే చెబుతాను."

మల్లయ్య తలపాగా విప్పి చేతులు తుడుచుకున్నాడు. "వద్దు సారూ. ఈడ మంచిగున్న. టబ్బును తోసుకుంట పోతె పోతది. ఎందుకు తోసినవని అడుగది."

తలపాగా మళ్లీ చుట్టుకుంటూ, "గడ్డ ఎట్లున్నది?" అన్నాడు.

"తగ్గుతోంది."

"గట్ల చెప్తె నేను నమ్మ. చెయ్యి లేపుండ్రి, సూత్త."

షిఫ్టు మారే వేళ. మనుషులు మమ్మల్ని దాటుకుని గని వైపు వెళుతున్నారు. నేను రోడ్డు మధ్యలో నిలబడి, నొప్పిని ఓర్చుకుంటూ, ఎంతవరకు లేస్తుందో అంతవరకు ఎడమ చేయి పైకెత్తాను. మల్లయ్య దగ్గరికి వచ్చి, తల వంచి, చాలాసేపు చూశాడు.